ఎస్సిటలోప్రామ్ 10 గోలి: మందు మంచిదే, స్ట్రిప్పు చదివి తీసుకోండి

రంది పట్టి నిద్ర రాక, తిండి సయించక మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్ల చీటీల మీద తరచూ కనిపించే పేరు ఎస్సిటలోప్రామ్. ఇది ఎస్ఎస్ఆర్ఐ జాతి మందు, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని ఎక్కువసేపు నిలిపి ఉంచేది. మందుగా మంచి మార్కులే వేయాలి. రోజుకు ఒక్కసారి చాలు, పరగడుపున వేసుకున్నా తిన్నాక వేసుకున్నా ఒకటే, మత్తుమందులా ఇంకా ఇంకా కావాలనిపించదు. జనరిక్‌లోనైనా బ్రాండ్‌లోనైనా లోపలుండేది అదే కాబట్టి, జన్ ఔషధి దుకాణంలో దొరికితే ఎక్కువ పెట్టి కొనాల్సిన పని లేదు. హన్మకొండలో కొన్నా ములుగులో కొన్నా చిక్కు వచ్చేది కౌంటర్ దగ్గర, ఆ తర్వాత ఇంట్లో.

అదే బ్రాండ్ పేరుకు ‘ప్లస్’ లాంటి తోక తగిలించిన రకాలు పక్క అరలోనే ఉంటాయి. వాటిలో ఎస్సిటలోప్రామ్‌తో పాటు క్లోనజిపామ్, సాధారణంగా 0.5 మిల్లీగ్రాములు, కలిసి ఉంటుంది. క్లోనజిపామ్ నిద్రమత్తు మందు. మొదటి రెండు మూడు వారాల గాబరాకు డాక్టర్లే రాస్తారు, తప్పు లేదు. పాత స్ట్రిప్పు చూపించి నెలల తరబడి అదే తెచ్చుకుంటేనే ముప్పు. అలవాటు పడుతుంది, ముసలివాళ్లు రాత్రి లేచినప్పుడు తూలి పడతారు. మానేద్దామంటే రెండు మందులూ ఒకే గోలిలో ఉన్నాయి, ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తగ్గించే వీలుండదు. డాక్టర్ రెండూ అవసరమంటే విడివిడి స్ట్రిప్పులు రాయమని అడగండి. ఐదు గోలీలు కత్తిరించి ఇస్తే పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మీకే వచ్చేలా చూసుకోండి.

కల్లు సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు. మన దిక్కు కల్తీ కల్లులో క్లోనజిపామ్ జాతి మత్తు మందులే అయిన ఆల్ప్రాజొలామ్, డైజిపామ్ బయటపడటం కొత్త కాదు. దాని మీద క్లోనజిపామ్ పడితే మత్తు రెట్టింపై ఊపిరి మందగించవచ్చు. అట్లని ఆ కల్లును ఒక్కసారే బంద్ చేసినా ఫిట్స్ రావచ్చు. ఇంట్లోవాళ్లు అప్పుడు ‘కొత్త గోలి పడలేదు’ అని తప్పు దీని మీద వేస్తారు.

ఎస్సిటలోప్రామ్‌ను సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10కి పెంచుతారు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, విరేచనాలు, లోపల ఏదో కుదురులేనితనం ఉంటాయి. వికారముంటే తిన్నాక వేసుకోవాలి. నిద్ర చెడితే పొద్దున, మగత వస్తే రాత్రి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తేలడానికి ఆరు వారాలు పడుతుంది. చాలామంది ఐదో రోజే వదిలేస్తారు, అంటే ఇబ్బంది మొత్తం పడి లాభం అందకముందే. కోరిక తగ్గడం, వీర్యం ఆలస్యం కావడం మాత్రం వాటంతట అవి పోకపోవచ్చు. సిగ్గుపడకుండా చెబితే డాక్టర్ మోతాదో మందో మారుస్తారు.

25 ఏళ్ల లోపువాళ్లలో మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. గోలీలు ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాలి, వెంటనే డాక్టర్‌ను కలవాలి. రాత్రీ పగలూ టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నిద్రే లేకుండా హుషారు, ఆగని మాటలు, ఇష్టమొచ్చిన ఖర్చు కనిపిస్తే అది ‘మంచిగైంది’ అనుకోవద్దు. మేనియా కావచ్చు, అదే రోజు చూపించాలి.

ఒళ్లు నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఈ గోలి పేరు ముందే చెప్పాలి. డైక్లోఫెనాక్ నొప్పి మందు తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు గానీ, డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న దగ్గు సిరప్ గానీ కలిస్తే సెరటోనిన్ మితిమీరవచ్చు. చెమటలు, వణుకు, కండరాలు బిగుసుకోవడం, జ్వరం, అయోమయం దాని గుర్తులు, అప్పుడు నేరుగా దవాఖానకే పోవాలి. 65 దాటినవాళ్లకు సాధారణంగా 10 మించి ఇవ్వరు. వాళ్లు బీపీకి మూత్రం ఎక్కువ పోయే గోలి కూడా వేసుకుంటుంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. రామగుండం ఎండల్లో అయోమయం, తూలుడు కనిపిస్తే వడదెబ్బే అని వదిలేయకుండా సోడియం పరీక్ష చేయించాలి.

ఒక రోజు మరిచిపోతే మరునాడు రెండు వేసుకోవద్దు. మనసు కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపేటప్పుడు 10 నుంచి 5కు దిగడం చాలామందికి తేలికే, అసలు కష్టం 5 నుంచి సున్నాకు. తక్కువ మోతాదే సెరటోనిన్‌ను వెనక్కి లాగేసే ద్వారాలను చాలావరకు మూసి ఉంచుతుంది కాబట్టి, చివరి మెట్టే మెదడుకు పెద్ద కుదుపు. అందుకే డాక్టర్‌తో మాట్లాడి అక్కడ వారాల తరబడి నెమ్మదిగా దిగాలి. గోలి మానిన కొద్ది రోజుల్లోనే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, కళ్లు తిరగడం వస్తే అది మందు వదలడం వల్ల. మళ్లీ వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారాలు గడిచాక మెల్లమెల్లగా రంది కమ్ముకుంటే జబ్బే తిరిగి వచ్చిందన్నమాట.