కీడౌన్ లిజనర్ల తొలగింపు: ఏ పద్ధతి మేలు?

బరంపురంలోని ఒక పట్టుచీరల దుకాణానికి బిల్లుల వెబ్ అప్లికేషన్ రాసి ఇచ్చాను. అక్కడ పొద్దున షట్టర్ ఎత్తగానే తెరిచిన ట్యాబ్ రాత్రి కొట్టు కట్టేదాకా అలాగే ఉంటుంది. బార్‌కోడ్ స్కానర్ బ్రౌజర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది కాబట్టి, బిల్లు తెర తెరిచినప్పుడల్లా డాక్యుమెంట్ (పేజీ మొత్తం) మీద ఒక కీడౌన్ లిజనర్ (మీట నొక్కినప్పుడల్లా నడిచే ఫంక్షన్) చేరేలా రాశాను. తెర మూసినా అది పోలేదు. తన తెర కనిపించనప్పుడు లిజనర్ ఏమీ చేయదు గనుక లెక్కలు తప్పలేదు, అందువల్లే లోపం చాలా రోజులు బయటపడలేదు. అయితే ఒక్కో లిజనర్ తన బిల్లు పట్టికనంతా పట్టుకునే ఉండడంతో సాయంత్రానికి ట్యాబ్ మొరాయించేది. క్రోమ్ మెమరీ ప్యానెల్‌లో హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణాన మెమరీలో ఉన్నవాటి జాబితా) తీసి ‘డిటాచ్డ్’ (పేజీ నుంచి తీసేసినా మెమరీలో మిగిలినవి) అని వెతికితే, ఎప్పుడో మూసేసిన బిల్లులన్నీ వరుసగా కనిపించాయి.

నిజానికి లిజనర్‌ను తొలగించే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌ను నేను రాయకపోలేదు. దానికి చేర్చినప్పటి ఫంక్షనే, అదే క్యాప్చర్ విలువతో (ఈవెంట్‌ను పైనుంచి కిందికి దిగేటప్పుడే పట్టుకోవాలా అన్న ఎంపికతో) ఇవ్వాలి. ఫంక్షన్‌కు ‘దిస్’ విలువను కట్టిపెట్టే బైండ్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది; తొలగించే చోట మళ్లీ బైండ్ రాస్తే ఏదీ తొలగదు, బ్రౌజర్ ఎర్రర్ కూడా చూపదు. నేను పడింది ఆ గోతిలోనే. ఒకటి రెండు లిజనర్లుంటే, ఫంక్షన్‌ను ఒక పేరులో దాచుకుని వాడినంతవరకు ఈ పద్ధతికి వంక పెట్టలేం.

డెలిగేషన్ మరో దారి. వరుసకొక క్లిక్ లిజనర్ బదులు పట్టిక మొత్తానికి ఒకటే పెట్టి, నొక్కిన వరుసను క్లోజెస్ట్‌తో (నొక్కిన చోటి నుంచి పైకి వెతికే ఫంక్షన్‌తో) పట్టుకోవచ్చు. ఫోకస్, బ్లర్ ఈవెంట్లు లోపలి గడి నుంచి పట్టిక దాకా పైకి పాకవు కనుక వాటి బదులు ఫోకస్‌ఇన్, ఫోకస్‌అవుట్ వాడాలి. పద్ధతి చక్కనిదే కానీ, డాక్యుమెంట్ మీదే ఉన్న స్కానర్ లిజనర్ విషయంలో దీనివల్ల ఒరిగేది లేదు.

నా ఓటు, ఒక్క పిలుపుతో పనులను రద్దు చేసే అబార్ట్‌కంట్రోలర్‌కు. తెరకొక కంట్రోలర్ సృష్టించి, దాని సిగ్నల్‌ను కీడౌన్, రీసైజ్ లిజనర్లన్నింటికీ ఇస్తే, తెర మూసేటప్పుడు ఒక్కసారి అబార్ట్ పిలవగానే అన్నీ తొలగిపోతాయి. ఫంక్షన్ పేరు గుర్తుంచుకునే పని లేదు. ఒకసారి అబార్ట్ అయిన సిగ్నల్‌తో కొత్త లిజనర్ చేరదు కాబట్టి, తెర మళ్లీ తెరిచినప్పుడు కొత్త కంట్రోలర్ తప్పనిసరి. లిజనర్లకు సిగ్నల్ ఇచ్చే ఈ సౌకర్యం 2021లో క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 86, సఫారీ 15లలో వచ్చింది. అదే దుకాణానికి పర్లాకిమిడిలో ఉన్న శాఖ ఇంకా విండోస్ 7నే నమ్ముకుంది. దానికి దొరికే చివరి క్రోమ్ 109 కనుక అక్కడా ఇబ్బంది రాలేదు.