బ్రిటిష్ మ్యూజియం 55వ గది: ఒక చిన్న మట్టి పలక కోసం రెండుసార్లు వెళ్లాను

ఇది మ్యూజియం మొత్తం మీద రివ్యూ కాదు. లండన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు వెళ్లి చూసిన 55వ గది గురించి, అందులోనూ 21946 నంబరు మట్టి పలక గురించి రాస్తున్నాను. బబులోను వాళ్లు తమ రాజుల సంగతులు ఏడాదివారీగా రాసిపెట్టుకున్న పలకల వరుసలో ఇదొకటి.

బాపట్లలో 22 ఏళ్లు సండే స్కూల్లో పాఠం చెప్పాను. పిల్లలు అడిగితే నేను తడబడిన ప్రశ్న ఒకటుంది. యూదా రాజు యెహోయాకీను బబులోను వాళ్లకు చిక్కింది వాళ్ల రాజు నెబుకద్నెజరు ఏలుబడి 8వ ఏట అని రాజులు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో ఉంది. యిర్మీయా 52వ అధ్యాయమేమో 7వ ఏట 3,023 మందిని చెరపట్టారంటుంది. తర్వాత యెరూషలేము దేవాలయం తగలబెట్టిన సంగతీ అంతే. అందుకు బబులోను సేనాధిపతి వచ్చింది అయిదో నెల 7వ రోజని ఒకచోట, 10వ రోజని ఇంకోచోట ఉంటుంది. "ఏది రైటు టీచర్?" అంటే "రెండూ రైటే" అని దాటేసేదాన్ని. ఆ జవాబు నాకే నచ్చేది కాదు.

మొదటిసారి తలకు 35 పౌండ్లు పెట్టి ఒక ప్రైవేటు గైడుతో వెళ్లాం. పేరు రాయను. ఈ పలక ముందు రెండు నిమిషాలు ఆపి, "యెరూషలేము దేవాలయాన్ని కాల్చిన సంగతి, క్రీ.పూ. 586, ఇందులోనే ఉంది" అని చెప్పి ముందుకు నడిపించేశాడు. ఇంటికొచ్చి మా అమ్మాయి పలక అనువాదం వెతికింది. "అమ్మా, ఇందులో దేవాలయం మాటే లేదే" అంది. నిజంగానే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజులాగి మళ్లీ వెళ్లాం, ఈసారి గైడు లేకుండా.

పలక ఎంతో లేదు, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు. అరచేతిలో పడుతుంది. దాని నిండా చీమల బారుల్లా అక్షరాలు. 1956లో వైజ్‌మన్ అనే పండితుడు అనువదించి అచ్చువేశాడు. నెబుకద్నెజరు 7వ ఏట, అదారు అనే బబులోను నెల 2వ రోజున, యూదా పట్టణాన్ని, అంటే యెరూషలేమును పట్టుకుని, రాజును బంధించి, తనకు నచ్చినవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాడని ఉంది. మన లెక్కలో క్రీ.పూ. 597 మార్చి 16. అంత కచ్చితంగా తేలడానికి కారణం, బబులోను వాళ్లు చంద్రుడినీ గ్రహాలనూ చూసి రాసిపెట్టుకున్న పలకలు వేరే ఉన్నాయి. నెబుకద్నెజరు 37వ ఏటి పలక ఒకటి బెర్లిన్‌లో ఉంది. అందులోని ఆకాశాన్ని వెనక్కి లెక్కగడితే అది క్రీ.పూ. 568–567 అని తేలింది. అక్కణ్ణుంచి మిగతా ఏళ్లు లెక్కగట్టొచ్చు.

మరి 7 ఎందుకు, 8 ఎందుకు? నాకు అర్థమైంది మా మనవడి వల్ల. వాడు స్కూల్లో తన వయసు ఏడంటాడు, నేను ఎనిమిదంటాను. ఏడు నిండాయి, ఎనిమిది నడుస్తోంది. బబులోనులో రాజు గద్దెనెక్కిన ఏడాదిని లెక్కలోకి తీసుకోరు, తర్వాతి సంవత్సరాది నుంచే ఒకటి. ఆ మొదటి ఏడాదినీ కలుపుకుంటే 7 కాస్తా 8 అవుతుంది. పండితులు ఎక్కువగా చెప్పే వివరణల్లో ఇదొకటి. పలక ముందు నిలబడి ఈ లెక్క వేసుకుంటుంటే ఏడుపొచ్చింది.

దేవాలయం సంగతి మాత్రం తేలలేదు. ఈ పలక 11వ ఏటితో, అంటే 594తో ఆగిపోతుంది. ఆ వరుసలో తర్వాత దొరికినది 557 నాటిది. కాల్చిన ఏడాది ఆ ఖాళీలో పడిపోయింది. అందుకే 587 అనేవాళ్లూ ఉన్నారు, 586 అనేవాళ్లూ ఉన్నారు. నెబుకద్నెజరు గద్దె మీద కూర్చోబెట్టిన సిద్కియా ఏలుబడి ఏళ్లను వసంతంలోని నీసాను నెల నుంచి లెక్కించాలా, శరత్తులోని తిష్రీ నెల నుంచా అన్నదే పేచీ. మనకు ఉగాది ఒకటి, జనవరి ఒకటి, స్కూళ్లకు జూన్ ఒకటి ఉన్నట్టే. ఇక 7, 10 తేదీల సంగతికి యూదు పండితుల పాత గ్రంథం తాల్ముదు చక్కటి దారి చూపించింది. శత్రువులు 7న లోపలికొచ్చారు, 9న పొద్దువాలాక నిప్పంటించారు, 10 అంతా కాలుతూనే ఉంది.

వెళ్లేవాళ్లకు: ప్రవేశం ఉచితం. శుక్రవారం రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది. అనువాదం ముందే చదువుకుని వెళ్లండి, గైడు అక్కర్లేదు. జలప్రళయం కథ ఉన్న పలక కూడా ఇదే గదిలో ఉంది, దాన్నీ తీరిగ్గా చూడండి. నా రేటింగ్ 5కి 5.

ఇంటికొచ్చి నా బైబిల్లో 24వ అధ్యాయం పక్కన పెన్సిలుతో "పలక లెక్క 7" అని రాసుకున్నాను. దేవాలయం కాల్చిన సంగతి ఉన్న 25వ అధ్యాయం పక్కన 587, 586 రెండూ రాశాను. ఏదీ కొట్టేయలేదు.