ఎస్పీ రోడ్డులో పీజో బజర్ కొనేవాళ్లకు: మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి

బెంగళూరులో ఇంట్లోనే చిన్న చిన్న సర్క్యూట్లు చేసుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను. పోయిన శనివారం ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఒక షాపులో పీజో బజర్లు (కరెంటుకు కంపించి శబ్దం చేసే పలచని బిళ్ల ఉండేవి) అని నమ్మి పది కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అవి పీజోలే కావు.

నాన్నగారికి మందుల వేళ గుర్తుచేసే అలారం చేస్తున్నాను. పక్కనే పాప పడుకుంటుంది కాబట్టి మోత తగ్గించుకునే వీలుండాలి. లోపల సర్క్యూట్ లేని పీజోకు 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) సిరీస్‌లో పెడితే చాలు, నాబ్ తిప్పేకొద్దీ శబ్దం మెల్లగా తగ్గుతుంది. నేను తెచ్చినవి మాత్రం నాబ్ కాస్త కదపగానే మూగబోయాయి. పొటెన్షియోమీటరే పాడైందనుకుని దాన్ని తీసేసి, బజర్‌ను నేరుగా ఆర్డుయినో ఊనో (అలారాన్ని నడిపే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) పిన్నుకు కలిపాను. అదే నేను చేసిన తప్పు. కాసేపు మోగింది, ఆగింది, ఆ పిన్ను ఇక పనిచేయలేదు.

అప్పుడు మీటర్ పెట్టి చూస్తే 16 ఓమ్‌లు! అంటే లోపల ఉన్నది కాయిల్ (తీగచుట్ట), అది అయస్కాంతంతో మోగే మాగ్నెటిక్ బజర్. 5 వోల్టులకు లెక్క కడితే 300 మిల్లీ ఆంప్స్ పైనే. నా ఊనో పిన్ను గరిష్ఠంగా తట్టుకునేది 40 మిల్లీ ఆంప్సే. పైకి రెండూ అదే నల్ల డబ్బా, పైన అదే చిల్లు, కంటితో పోల్చలేం.

తిరిగి వెళ్తే "వాడేశారు కదా సార్, రిటర్న్ లేదు" అన్నారు. బిల్లు మీద "బజర్" అని మాత్రమే ఉంది, గట్టిగా అడగడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. చాలా బాధేసింది. డబ్బు తక్కువే, కానీ నమ్మి కొన్నాను.

కాబట్టి డబ్బు ఇవ్వకముందే కౌంటర్ దగ్గరే మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూడండి. పది, ఇరవై, నలభై ఓమ్‌లు చూపిస్తే అది కాయిల్. అసలైన పీజో కెపాసిటర్ లాంటిది, రీడింగ్ నిలవదు, ఓపెన్‌గానే (తీగ తెగినట్టు) కనిపిస్తుంది. బ్యాటరీ పెట్టగానే దానంతటదే మోగే యాక్టివ్ బజర్లకు ఈ పరీక్ష పనికిరాదు, లోపల సర్క్యూట్ ఉంటుంది. బిల్లులో "పీజో" అని రాయించుకోండి.

ఇప్పటికే ఇలాంటివి కొనేసి ఉంటే పారేయకండి. ట్రాన్సిస్టర్‌తో నడిపి, కాయిల్ రెండు కొసల మధ్య డయోడ్ పెట్టి, సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే మోత కూడా తగ్గుతుంది. నేరుగా పిన్నుకు మాత్రం కలపొద్దు.