ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో దొరకలేదు

నేను సన్నాయి వాయిస్తాను. సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు పుట్టిన కరవదికి పక్క ఊరు మాది. పెళ్లిళ్లు లేని మూఢంలో ఖాళీగా కూర్చుంటే, ఒంగోలులో చదువుకునే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేతికిచ్చి "పెదనాన్నా, ఇదీ మీ సన్నాయి జాతిదే, విను" అన్నాడు.

దాని పేరు బసూన్. ఎనిమిది అడుగుల గొట్టాన్ని మడిచి నిలబెట్టినట్టుంటుంది. నోట్లో పెట్టుకుని ఊదే పీక మాత్రం మన పద్ధతే, రెండు రెల్లు రేకులు కలిపి కట్టింది. వినిపించింది 'సెక్వెంజా 12' అనే ఒంటి బసూన్ రచన. ఇటలీ స్వరకర్త లుచానో బెరియో 1995లో పాస్కల్ గాల్వా అనే ఫ్రెంచి విద్వాంసుడి కోసం రాశాడు. డాయిచె గ్రామోఫోన్ అనే రికార్డుల కంపెనీ వాళ్ల మూడు సీడీల సెట్‌లో వాయించిందీ ఆయనే.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. కింది స్వరాలన్నీ ఎగిరిపోయి దోమ మూలిగినట్టుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాకే అసలు నాదం తెలిసింది.

శ్రుతి లేదు, డోలు లేదు, ఒక్కడే. మొదట్లో చాలాసేపు జారులే. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, తొందరలేకుండా. మేమైతే వేలు సగం ఎత్తి, గాలి సర్ది జారు తెస్తాం. ఆ వాద్యం నిండా తాళాల గుత్తిలా మీటలు. వాటి మీద అంత నున్నగా ఎలా జారాడో!

ఊపిరి సంగతి ఇంకా ఆశ్చర్యం. బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో పీల్చడం మా శ్రుతి పట్టే కుర్రాడికి నేర్పడానికి రెండేళ్లు పట్టింది. వాడు పట్టేది ఒక్క స్వరమే. ఈయన జారుతూ, నాలికతో తుత్తుకారం దంచుతూ, పద్దెనిమిది నిమిషాల దాకా లాగాడు. మూడుసార్లు విన్నా గాలి ఎక్కడ పీల్చాడో నాకు దొరకలేదు.

నచ్చనిదీ ఉంది. ఎక్కడా షడ్జమం మీద, అంటే ఆధార స్వరం 'స' మీద, వాలడు. కందుకూరు బస్సులో సీటు దొరకక దారంతా నిలబడ్డట్టు, సగం దాటాక నాకు కాళ్లు లాగాయి. కొత్తవాళ్లు ముందు మాల్కమ్ ఆర్నాల్డ్ 1966లో రాసిన 'ఫాంటసీ' వినండి. అదీ ఒంటి బసూన్‌కే, చిన్నది, పాటలాగా ఉంటుంది.

మా డోలు ఆయనకీ వినిపించాను. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు విని, ఇయర్‌ఫోన్ తీసి, "ముహూర్తం ఇంకా కాలేదా అన్నా?" అన్నాడు.