దశమభాగమా, మనసులో అనుకున్నంతా? ఏది మేలు?

చర్చికి కానుక ఇచ్చేవాళ్లలో జీతం పడగానే దశమభాగం, అంటే పదో వంతు, తీసి చందా కవర్లో పెట్టేవాళ్లు ఒక రకం, కానుక సంచి తమ వరసలోకి వచ్చాక జేబులో చెయ్యి పెట్టి చూసుకునేవాళ్లు ఇంకో రకం. ఇద్దరి దగ్గరా బైబిల్ వాక్యం ఉంది, అందుకే ఈ వాదన తెగదు.

దశమభాగం వాళ్లు ముందు మలాకీ 3:10 తీస్తారు. పదో వంతంతా మందిరపు నిధిలోకి తెమ్మని అక్కడ స్పష్టంగానే ఉంది, కాదనను. కానీ అది చదివి వినిపించేవాళ్లు ద్వితీయోపదేశకాండం 14 దాకా ఎందుకో రారు. పంటలో పదో వంతును దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ తిని సంతోషించమని, మూడో ఏట మాత్రం ఊళ్లోనే ఉంచి లేవీయులు (సొంత భూమి లేని, మందిర సేవ చేసే గోత్రం వాళ్లు), పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు తృప్తిగా తినేలా చూడమని అక్కడ ఉంది. మరి మన సంఘాల్లో దశమభాగం లెక్క చూస్తే పాస్టరు గారి జీతం, మైకు సెట్టు, ప్రహరీ గోడ... విధవరాలి పేరు మీద ఎంత ఉంటుందో మీరే చూసుకోండి.

రెండో వైపు 2 కొరింథీ 9:7. సణుక్కోకుండా, ఎవరి బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్నంత ఇవ్వమన్నాడు పౌలు. వినడానికి హాయిగా ఉంటుంది, ఇరవై నోటు వేసి బయటపడటానికీ పనికొస్తుంది! అయితే ఆ పౌలే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16:2లో, యెరూషలేము పరిశుద్ధుల (అంటే అక్కడి విశ్వాసుల) కోసం చందా పోగుచేస్తూ, ప్రతి ఆదివారం ఎవరు వర్ధిల్లిన కొద్దీ వాళ్లు కొంత తీసి దాచిపెట్టమన్నాడు, అంటే సంచి ఎదురుగా వచ్చాక ఆలోచించడం ఆయన లెక్కలో లేనే లేదు. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు పూటపూటా వండే ముందు గుప్పెడు బియ్యం సంఘానికని పక్కన పెడుతున్నారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు దాన్ని. జీతం లేని ఇంటికి కూడా అలా క్రమంగా ఇచ్చే దారి దొరికింది.

అసలు చిక్కు పదో వంతు అందరికీ ఒకేలా తగలకపోవడం దగ్గరుంది. నెలకు 12,000 వచ్చే ఇంట్లో 1,200 పోతే ఆ నెల గ్యాస్ బండకి టెన్షన్. లక్షన్నర వచ్చేవాడు 15,000 ఇచ్చినా ఇంకా 1,35,000 చేతిలో ఉంటుంది, పైగా దేవుడు దీవించాడని సంఘం ముందు సాక్ష్యం కూడా చెబుతాడు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాడి సంగతి చెప్పాడు (ఆ కుర్రాడు వెస్లీనే అని చాలామంది అంటారు): మొదటి ఏడు 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చాడు, మరుసటి ఏడు 60 వస్తే మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు, 90 వచ్చిన ఏడు 62, 120 వచ్చిన ఏడు 92. రాబడి పెరిగినా ఖర్చును పెరగనివ్వలేదు. మార్కు 12లో తనకున్నదంతా కానుకగా వేసేసిన బీద విధవరాలి రెండు కాసులను యేసు చూసిన తీరూ ఇదే, ఇచ్చాక చేతిలో ఏం మిగిలిందన్నదే ఆయన లెక్క.

కాబట్టి నా మాట ఇది. అప్పుల్లో ఉన్నవాళ్లకు, దినకూలీలకు రెండోదే మేలు, వాళ్లను పదో వంతు పేరుతో భయపెట్టడం తప్పు. నిలకడైన జీతం ఉన్నవాళ్లు దశమభాగంతో మొదలుపెట్టడం మంచిది, లేకపోతే ఇంక్రిమెంటు వచ్చిన ప్రతిసారీ కారు పెరుగుతుంది, కానుక పెరగదు. వెయ్యి విత్తితే పదివేలు కోస్తావనే విత్తన కానుకల్ని ఈ పోలికలోకే తేను, చిట్టీకైనా ఒక లెక్క ఉంటుంది.

స్థూల జీతం మీదా, చేతికొచ్చిన దాని మీదా అని కూడా అడుగుతుంటారు. చేతికొచ్చిన దాని మీదే ఇవ్వండి, తప్పేం లేదు. అందులో సగం సంఘానికి, మిగతా సగం మీ వీధిలోనే ఫీజు కట్టలేని పిల్లాడికి వెళ్తే ద్వితీయోపదేశకాండం చదివినవాళ్లెవరూ మిమ్మల్ని తప్పుపట్టలేరు.