అయనోస్ఫియర్ అలలకు ఏ రాడార్: సూపర్‌డార్నా, ఇన్‌కోహెరెంట్ స్కాటరా?

అయనోస్ఫియర్‌లో (ఎత్తైన వాతావరణంలోని విద్యుదావేశిత పొర) అల ఎటు పోతోందో తెలియాలంటే సూపర్‌డార్ అనే రాడార్ల జాలం. దాని 8–20 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం అయనోస్ఫియర్‌లో వంగి, నేలను తాకి, వచ్చిన దారినే తిరిగొస్తుంది. సాధారణంగా 16 బీములు (చూసే దిశలు), 45 కిలోమీటర్ల గేట్లు (దూరపు గడులు), ఒకటి రెండు నిమిషాలకో స్కాన్. 15–60 నిమిషాల ఆవర్తన కాలమున్న అలలకు ఇది ధారాళంగా సరిపోతుంది. రేంజ్–టైమ్ (దూరం–సమయం) పటంలో అలలు ఏటవాలు చారలుగా కనిపిస్తాయి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ప్రతిధ్వని నేలదే అయినా, వంపు తిరిగింది దాదాపు సగం దూరంలో. పటంలో 600 కిలోమీటర్లుగా కనిపించే అల తరంగదైర్ఘ్యం నిజానికి సుమారు 300, వేగమూ సగమే. పైగా అల ఏ ఎత్తులో ఎంత బలంగా ఉందో ఇది సూటిగా చెప్పదు.

అది కావాలంటే ఇన్‌కోహెరెంట్ స్కాటర్ రాడారే దిక్కు, అంటే అయనోస్ఫియర్ ఎలక్ట్రాన్లు చెదరగొట్టే ప్రతిధ్వనిని పట్టేది. అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ రాడార్ 449 మెగాహెర్ట్జ్ దగ్గర ఎత్తువారీగా ఎలక్ట్రాన్ సాంద్రత ఇస్తుంది. గురుత్వ తరంగమైతే (గాలి పైకీ కిందికీ ఊగే అల) శక్తి పైకి పోతుంటే దశారేఖలు (అల శిఖరాల గీతలు) కిందికి దిగుతాయి. ఆ వాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కాకపోతే సంకేతం అతి బలహీనం, సగటు తీయాలి. ఒకే బీముతో అల అడ్డంగా ఎటు పోతోందో తేలదు, కనీసం మూడు కావాలి. ఖర్చూ ఎక్కువే.



రోజుల తరబడి గణాంకాలకు సూపర్‌డార్నే ఎంచుకోండి.