రీస్టోర్ చేయించిన ప్రీమియర్ పద్మిని: కొన్నేళ్ల వాడకం తర్వాత

షెడ్డు నుంచి బయటికొచ్చిన రోజు ఏ పాత కారైనా బాగానే ఉంటుంది. పెయింటు నిగనిగలాడుతుంది, బంపర్‌లో మొహం చూసుకోవచ్చు. పనితనం తెలియాలంటే కొన్ని వానలూ ఎండలూ తగలాలి. మా 1978 పద్మినికి తగిలాయి. హైదరాబాద్‌లో ఏ షెడ్డులో చేయించానో ఇక్కడ చెప్పను, పని ఎలా నిలబడిందో చెబుతాను.

రేకు పని చాలావరకు మంచిదే. ఫ్లోర్‌లోనూ డిక్కీలోనూ కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేసిన చోట ఈరోజుకీ తుప్పు చుక్క లేదు. వెనక తలుపు అడుగున మాత్రం లప్పం పెట్టి పెయింటు కొట్టేశారు. రెండో వానాకాలానికే బుడగలు లేచాయి. బండి తెచ్చుకునే ముందు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

ఎక్కువ చెప్పాల్సింది బ్రేకుల గురించి. ఈ బండికి కంపెనీ ఇచ్చినవి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఇప్పటి ట్రాఫిక్‌లో అవి చాలవని, లేత్ మీద బ్రాకెట్లు చేయించి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టారు. ఫిటింగ్ చక్కగా కుదిరింది. కానీ కాస్త దూరం వెళ్తే చాలు, ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంత కాలిపోయేవి. ప్యాడ్లు మార్చారు, బేరింగులు మార్చారు, లాభం లేదు. చివరికి వేరే మెకానిక్ పట్టుకున్నాడు: పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే పాత మాస్టర్ సిలిండర్‌లో డ్రమ్ముల కోసం లైన్‌లో కొంచెం ప్రెషర్ పట్టి ఉంచే చిన్న వాల్వ్ ఉంది. డిస్కులకు అది ఉండకూడదు, ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. అది తీశాక వేడి తగ్గింది. తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ కూడా పెట్టాక గానీ పెడల్ మీద కాలు నొప్పి తగ్గలేదు. డిస్కులు పెడతామనే షెడ్డును ముందు ఈ రెండింటి గురించీ అడగండి. జవాబు తడబడితే డ్రమ్ములే నయం.

స్టీరింగ్ పక్క గేర్‌కు లేత్ మీద చేసిన కొత్త బుష్‌లు మాత్రం అద్భుతం. ఆ గిలక గిలక శబ్దం మళ్లీ వినలేదు.

ఇంజిన్ తీసేసి వేరే కారుది వేద్దామని షెడ్డువాళ్లు గట్టిగానే చెప్పారు. ఒప్పుకోలేదు. పాత 1089 సీసీ ఇంజిన్‌కే బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల చెక్కి సరిచేయడం) చేయించాను. 2021 నాటి కేంద్ర నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. మా బండికి 2028లో యాభై నిండుతాయి. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అది వేరే తలనొప్పి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించిన ఖర్చు పూర్తిగా గిట్టింది, స్పార్క్ కోసం ఉండే పాయింట్లను మాటిమాటికీ గీకి శుభ్రం చేసే పని పోయింది. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఇంజిన్‌కు పెట్రోల్ అందించే పంపు వేడెక్కి బండి ఆగిపోవడం తగ్గింది గానీ పోలేదు, దాన్ని తడిపి చల్లార్చడానికి డిక్కీలో నీళ్ల సీసా, గుడ్డ ముక్క ఇంకా ఉన్నాయి. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి, ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక రబ్బరు పైపులన్నీ మార్పించాను. పంపు లోపలి పొర (డయాఫ్రం) ఇంకా పాతదే, ఈ ఎండాకాలంలోపు దాని పనీ చూడాలి.